వెంట్రుక మందం

చించినాడ వంతెన మొదట్లో
టక్కుమంది.
ఇంజన్ అరుస్తూనే ఉంది, బండి కదల్లేదు.
మిల్లు షెడ్డులో ఎలకలు కాపరమున్న కాంటెస్సా ఇది.
దీని పొట్టలో క్వాలిస్ డీజిలింజన్ దించిన రోజే
లేతు భద్రాచారి అన్నాడు:
"గుండె మార్చావు సరే, నడుం ఎవరు మారుస్తారు?"

నడుమే పోయింది.
ఎడమ షాఫ్టు
మెలిపెట్టి విరిచిన చెరకుగడలా బయటికొచ్చింది.

నేను రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు బాగుచేసేవాణ్ణి.
రాత్రి రెండింటికి ఫోనొస్తే
టార్చి పళ్ళ మధ్య పెట్టుకుని గేరుబాక్సు విప్పే చేతులివి.
నీళ్ళ హోరులోంచి
అరిగిన పంటి చప్పుడు ఏరగలవు ఈ చెవులు.
కొత్త ఇరుసు ధర చెబుతుంటే మాత్రం
వినబడనట్టు నటించాయి.

మేత సంచి వెనక లెక్క రాశాను.
చీటీ పాడితే వచ్చినవి తొమ్మిది వేలు.
కాలిన మోటార్ల రాగితీగ, నాలుగు.
మంగతాయారు పోపులడబ్బా తెరిచి రెండు వేలిస్తూ
"ఇవి చక్రాలకి కాదు, నీ నిద్రకి" అంది.

తణుకులో పాత ఇనుము కొట్టు వెనక
గడ్డిలో పడుంది సుమో ఇరుసు,
వాన తాగి, వీపు మీద ఓ కప్పని మోస్తూ.
ఒక చక్రం కాలితో తొక్కిపట్టి
రెండోదాన్ని రెండు చుట్లు తిప్పాను.
సుద్దగీత నాలుగుసార్లు నా వైపు చూసి
ఇంకొంచెం ముందుకొచ్చి ఆగింది.
చాలు.
కొట్టువాడు కాటాకెక్కించాడు.
అతనికి పళ్ళతో పనిలేదు, నాకు బరువుతో.
బేరం అలా కుదిరింది.

నాలుగు వేళ్ళు వెడల్పెక్కువ.
భద్రాచారి గొట్టం కోశాడు, షాఫ్టులు పొట్టిచేశాడు,
జానెడు అతికి, బీడీ కాలేంతసేపు ఆగి,
మళ్ళీ జానెడు.
"వేడిమీద ఇనుం అబద్ధం చెబుద్దిరా,
సల్లారాక అడుగు."

చల్లారాక అడిగాం.
మంగతాయారు కుంకుమ గేరాయిల్లో కలిపి
క్రౌను పళ్ళకి పూసి తిప్పితే
ముద్ర పంటి నడుమ పడలేదు,
అంచున, జారిపోబోయేవాడి వేళ్ళలా పడింది.
లోపల ఒక పల్చటి రేకు కావాలి.
బెజవాడ ఆటోనగర్లో సెట్టు మొత్తం కొంటేనే ఇస్తారట.
నా జేబులో నలభై రూపాయలు,
ఒక పాత బస్సు టిక్కెట్టు.

"మా చిన్నాన్న కొడుకున్నాడు నర్సాపురంలో,"
అన్నాడు భద్రాచారి. "బంగారం పని."

సోమలింగం పుస్తెలు పక్కకు జరిపి
ఇత్తడి ముక్కని పలకమిషన్లో పెట్టాడు.
"ఎవరికండీ?"
"ఇరుసుకి."
నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.
"ఎంత మందం?"
"వెంట్రుకంత."
"ఎవరి వెంట్రుక?" అన్నాడు, కళ్ళజోడు పైకి తోసి.

నాలుగుసార్లు నలిగి బయటికొచ్చింది రేకు.
ఊదితే ఎగిరేలా ఉంది.
డబ్బులొద్దన్నాడు,
బండి లేచిన్నాడు ఒకసారి ఎక్కించమన్నాడు.

మా లంకల్లో కొండలెక్కడివి?
ఎక్కాలంటే వంతెనలే మాకు.
అందుకే విరిగినచోటికే తీసుకొచ్చాను,
నలుగుర్నీ కూచోబెట్టి, టాప్ గేరులో.
స్టీరింగ్ కింద నా మోకాలు వణుకుతోంది,
ఇంజన్ వల్లనే అనుకున్నాను.

ఎక్కుతోంది.
ఎక్కుతూనే ఉంది.

నడినెత్తిన, అరవై దగ్గర,
సన్నగా ఒక మూలుగు.
నేను విన్నాను.
భద్రాచారీ విన్నాడు, చుట్ట పక్కకు తీశాడు.
ఎవరం ఏమీ అనలేదు.
వెనకనించి మంగతాయారు అద్దం దించి
"వశిష్ఠ ఎంత ఎర్రబడిందో చూడండి" అంది.

ఆమె పక్కన సోమలింగం
తలలోంచి ఒక వెంట్రుక పీకి
వెలుతురుకెత్తి చూస్తున్నాడు.